నగరం సగటు చూడకండి, వీధి పుట్టిన ఏడాది చూడండి

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: హైదరాబాద్‌లో వీధులు ఒకదానితో ఒకటి కలిసే తీరు గత యాభై ఏళ్లలో మెరుగైందా, దిగజారిందా? ఔత్సాహికులు గీసే ఉచిత మ్యాపు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డేటాతో నగరం మొత్తానికి సగటు కడితే పెద్ద తేడా కనిపించడం లేదు. కళ్లకు కనిపించేది ఒకటి, అంకె చెప్పేది ఇంకొకటి. ఎక్కడ పొరపాటు?

కూడికలో పొరపాటు లేదు. దేనికి సగటు కట్టారన్నదే చిక్కు. వీధి ఒకసారి పడ్డాక దాదాపు కదలదు. పెంకుటిల్లు పోయి డాబా వస్తుంది, డాబా పోయి అయిదంతస్తుల అపార్ట్‌మెంటు లేస్తుంది. కానీ దస్తావేజులో 'తూర్పు: 30 అడుగుల రోడ్డు' అని రాసుకున్న హద్దు మాత్రం అలాగే ఉంటుంది. 1666లో లండన్ తగలబడ్డాక క్రిస్టఫర్ రెన్ వెడల్పాటి వీధులతో కొత్త నక్ష గీసిచ్చాడు. అది అమలు కాలేదు. ఎవరి జాగాలో వాళ్లు చాలా వరకు పాత హద్దుల మీదే మళ్లీ కట్టుకున్నారు. ఊరంతా కాలిపోయినా కదలని వీధులు మామూలు రోజుల్లో ఏం కదులుతాయి?

అందుకే నగరం సగటులో కనిపించేది తరతరాల నిల్వ, నిన్నామొన్నటి పోకడ కాదు. ఉదాహరణకి లక్ష కూడళ్లున్న ఊళ్లో కూడలికి సగటున 2.9 దారులు ఉన్నాయనుకోండి. కొత్తగా పదివేల కూడళ్లు చాలా అధ్వానంగా, 2.4 సగటుతో వచ్చి చేరాయి. మొత్తం సగటు 2.85 అవుతుంది. ఆ 0.05 ఎవరి కంటికీ ఆనదు. అదే కొత్త పదివేలను విడిగా చూస్తే 2.9 నుంచి 2.4కి పడిపోయింది. కాబట్టి ప్రతి కూడలికీ పుట్టిన కాలం అంటగట్టి, ఏ దశాబ్దపు వీధులకి ఆ దశాబ్దం సగటు కట్టాలి.

ముందు ఏం కొలవాలో. అన్నిటికంటే తేలికైనది కూడలి దగ్గర కలిసే దారుల సంఖ్య. చౌరస్తాకి 4, టీ జంక్షన్‌కి 3, డెడ్ ఎండ్ కొసకి 1. రెండు దారుల చోటు కూడలి కాదు, ఉత్త మలుపు. దాన్ని లెక్కలోంచి తీసేయాలి. అచ్చంగా గళ్లుగా వేసిన ఊళ్లో సగటు 4కి దగ్గరగా ఉంటుంది. చెట్టు కొమ్మల్లా చీలిపోతూ మళ్లీ ఎక్కడా కలవని అమరికలో 2 దాటదు. నిజమైన నగరాలు ఈ రెంటి మధ్య ఎక్కడో ఉంటాయి.

రెండోది చుట్టు నిష్పత్తి: రోడ్డు మీద పోయే దూరాన్ని కాకి ఎగిరే దూరంతో భాగించడం. అచ్చమైన గళ్లలో కూడా ఇది 1 రాదు. మూలకు పోవాల్సి వస్తే 1.41, అన్ని దిక్కులకీ సగటు తీస్తే 1.27. అంటే 1.3 వస్తే కంగారు పడక్కర్లేదు, అది మంచి మార్కే. దీన్ని అర కిలోమీటరు లోపు, అర నుంచి కిలోమీటరు, అలా 3 కిలోమీటర్ల దాకా మెట్లుగా విడదీసి చూడండి. మొదటి మెట్టులో ఎక్కువగా ఉంటే ఇబ్బంది కాలనీ లోపల. రెండు మూడు కిలోమీటర్ల మెట్టులో ఎక్కువైతే చెరువో, రైలు పట్టాలో, పెద్ద ప్రహరీయో అడ్డం ఉన్నట్టు.

మూడోది చాలామంది వదిలేసేది: ఒక్క దారే ఆధారంగా ఉన్న వీధులు ఎన్ని? ఏ ముక్క తీసేస్తే అవతలివాళ్లకి ఇక దారే ఉండదో ఆ ముక్కల వాటా. ఒకే గేటున్న కాలనీ లోపల రోడ్లు ఎంత చక్కగా గళ్లుగా ఉన్నా ఆ గేటు దగ్గరి వంద అడుగులే దాని ఊపిరి. గ్రాఫ్ సిద్ధాంతంలో ఇలాంటి ముక్కని బ్రిడ్జ్ అంటారు. పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలోని నెట్‌వర్క్‌ఎక్స్ లైబ్రరీ ఒక్క ఆదేశంతో వీటిని పట్టిస్తుంది. ఈ మూడింటికీ ఇంకొన్ని కలిపి ఒకే అంకెగా చేసిన 'వీధుల తెగుదల సూచిక' కూడా పరిశోధకులు వాడతారు. మొదటిసారి చేసేవాళ్లు మాత్రం విడివిడిగానే చూడటం మేలు. ఒకే అంకె చేస్తే ఎక్కడ పుండు ఉందో తెలియదు.

కూడళ్ల సాంద్రత గురించి ఒక మాట. చదరపు కిలోమీటరుకి కనీసం 18 కిలోమీటర్ల వీధులు, నేలలో 30 శాతం వీధులకి అని ఐక్యరాజ్యసమితి ఆవాస విభాగం చెబుతుంది. గళ్ల లెక్కలో 18 కిలోమీటర్లంటే వీధికీ వీధికీ 111 మీటర్లు, అంటే చదరపు కిలోమీటరుకి సుమారు 81 చౌరస్తాలు. కొలబద్ద బాగుంది గానీ దీన్నొక్కదాన్నే నమ్మకండి. చిన్న చిన్న విల్లాల కాలనీలో సాంద్రత దీనికి రెండింతలు రావచ్చు. ఆ కూడళ్లన్నీ ఒకే గేటు వెనక ఉంటే బయటివాళ్లకి వాటితో ఒరిగేదేమీ లేదు.

ఇక చేసే పని. హద్దుగా మున్సిపల్ హద్దు తీసుకోవద్దు. 2007లో చుట్టూ ఉన్న 12 మున్సిపాలిటీలు కలిసి జీహెచ్‌ఎంసీ అయింది. ముందూ వెనకా పోలిస్తే రెండు వేర్వేరు ఊళ్లని పోల్చినట్టే. కదలని హద్దు కావాలి. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డునీ దాని బయట రెండు మూడు కిలోమీటర్లనీ కలిపి ఒక బహుభుజి గీసుకుని అన్ని కాలాలకీ అదే వాడండి.

వీధుల్ని ఓఎస్‌ఎమ్‌ఎన్‌ఎక్స్ అనే పైథాన్ లైబ్రరీతో దించుకోవచ్చు. దించగానే డిగ్రీల నుంచి మీటర్ల ప్రొజెక్షన్‌లోకి మార్చండి. భూమిని నిలువు పట్టీలుగా విడదీసి మీటర్లలో కొలిచే పద్ధతిని యూటీఎం అంటారు: హైదరాబాద్, విజయవాడ, విశాఖ మూడూ యూటీఎం 44 ఉత్తరంలోకే వస్తాయి, కోడ్ 32644. జహీరాబాద్ వైపు పోతే 43, ఇచ్ఛాపురం దగ్గర 45. ఈ మెట్టు మరిచిపోయి కూడళ్లు కలిపే దూరం 15 అని ఇస్తే, అది 15 మీటర్లు కాదు, 15 డిగ్రీలవుతుంది. ఊరంతా ఒకే చుక్కగా తేలుతుంది.

కూడళ్లు కలపడం ఎందుకంటే, డివైడర్ ఉన్న రెండు రోడ్లు దాటుకునే చోట మ్యాపులో నాలుగు చుక్కలు పడతాయి. నిజానికి అది ఒక్క చౌరస్తా. 15 మీటర్ల లోపు చుక్కల్ని కలిపేస్తే సరిపోతుంది. ఈ లైబ్రరీకి ఇచ్చే అంకె ఒక్కో చుక్క చుట్టూ వ్యాసార్ధం కాబట్టి, ఇక్కడ చెప్పే దూరాల్లో సగం ఇవ్వాలి. కానీ పాతబస్తీ గల్లీల్లో ఎనిమిది మీటర్ల తేడాతో రెండు టీ జంక్షన్లు ఎదురుబొదురుగా ఉండటం మామూలే. 15 అని పెడితే ఆ రెండూ కలిసి లేని చౌరస్తా పుట్టుకొస్తుంది, సగటు ఊరికే పెరుగుతుంది. గల్లీల ప్రాంతానికి 5 లేదా 6, పెద్ద రోడ్లకి 15 పెట్టి రెండుసార్లు నడపడం మంచిది. కుదరకపోతే 10 దగ్గర రాజీపడి, యాభై కూడళ్లు చీటీ తీసినట్టు ఎంచుకుని ఉపగ్రహ చిత్రం మీద కంటితో సరిచూడండి. డివైడర్ మూసి యూటర్న్ పెట్టిన చోట్ల ఇంకో తంటా ఉంది. ఎదురెదురు సందుల్ని ప్రోగ్రామ్ కలిపేసి చౌరస్తా అంటుంది, అక్కడ మాత్రం మనిషి కూడా దాటలేడు.

అన్నిటికంటే పెద్ద గోతులు రెండున్నాయి. మొదటిది ప్రైవేట్ రోడ్లది. కార్ల రోడ్లు మాత్రమే దించమంటే, ప్రైవేట్ అని గుర్తుపెట్టిన రోడ్లని ఈ లైబ్రరీ వదిలేస్తుంది. అంటే గేటెడ్ కమ్యూనిటీ లోపలి రోడ్లు లెక్కలోకే రావు. ఫలితం తమాషాగా ఉంటుంది: ఎంత ఎక్కువ నేల గేట్ల వెనక్కి పోతే మిగిలిన వీధుల సగటు అంత ముచ్చటగా కనిపిస్తుంది. కాబట్టి రెండు పరుగులు పెట్టండి. ఒకటి ప్రైవేట్ రోడ్లతో కలిపి, ఒకటి వాటిని తీసేసి. రెంటికీ మధ్య తేడాయే గేట్ల ప్రభావం, విడిగా అచ్చేయాల్సిన అంకె అది.

రెండోది తెగిపోయిన ముక్కలది. మామూలు సెట్టింగులో ఈ లైబ్రరీ అన్నిటికంటే పెద్ద ముక్కని ఉంచుకుని మిగతావాటిని పారేస్తుంది. పారేసినవాటిలో ఊరి చివరి కాలనీలు ఉంటాయి, మీరు వెతుకుతున్నవి సరిగ్గా అవే. అన్నిటినీ ఉంచమని చెప్పండి. అప్పుడు మ్యాపులో ఒకటి రెండు మీటర్ల ఖాళీతో అతకని రోడ్లు బయటపడతాయి. అవి గీసినవాళ్ల తప్పులు, నిజమైన డెడ్ ఎండ్‌లు కావు. ఓ వంద డెడ్ ఎండ్‌ల మచ్చు తీసి చూస్తే మీ ప్రాంతంలో ఎన్ని నిజమో, ఎన్ని గీత తప్పులో తేలుతుంది. ఆ నిష్పత్తి తెలియకుండా డెడ్ ఎండ్‌ల శాతం ఎక్కడా చెప్పకండి.

ఫ్లైఓవర్ల గురించి క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకో హెచ్చరిక. గీతలు దాటుకున్న ప్రతిచోటా తెంపే ఉపకరణం వాడితే, మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పీవీ ఎక్స్‌ప్రెస్‌వే కింద పోయే ప్రతి సందు దగ్గరా ఒక దొంగ చౌరస్తా పుడుతుంది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఉమ్మడి చుక్క ఉన్నచోటే కూడలి. ఆ నియమాన్ని చెడగొట్టకండి.

ఇప్పుడు కాలం అంటగట్టడం. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మార్పుల చరిత్రని రోడ్డు చరిత్ర అనుకోవద్దు. అది ఎవరో ఔత్సాహికుడు ఆ రోడ్డుని ఎప్పుడు గీశాడో చెబుతుంది, రోడ్డు ఎప్పుడు పడిందో కాదు. దాన్నిబట్టి చూస్తే చార్మినార్ చుట్టుపక్కల గల్లీలు కూడా ఈ శతాబ్దంలో పుట్టినట్టే తేలుతుంది. దానికి బదులు యూరోపియన్ కమిషన్ ఉచితంగా ఇచ్చే కట్టడాల రాస్టర్, అంటే గడులుగా విడదీసిన పటం, వాడండి. 1975 నుంచి అయిదేళ్లకోసారి, 100 మీటర్ల గడికి అందులో ఎన్ని చదరపు మీటర్ల కట్టడం ఉందో చెబుతుంది. గడిలో 2,000 చదరపు మీటర్లు, అంటే అయిదోవంతు, ఏ ఏడాది మొదటిసారి దాటిందో ఆ ఏడాదిని అక్కడి కూడలికి ఇవ్వండి. పదోవంతుతో, మూడో వంతుతో కూడా చేసి చూసి, ఫలితం తలకిందులు కాకపోతేనే నమ్మండి.

మన నేలలో ఈ పద్ధతి మూడు చోట్ల తడబడుతుంది. దక్కన్ బండరాళ్లు, ఎండిన ఎర్రనేల ఉపగ్రహానికి కట్టడంలా కనిపించి, ఖాళీ గుట్ట 1975లోనే ఊరైపోతుంది. వెంచర్లో రోడ్లు వేసి రాళ్లు పాతాక పదేళ్లు, పదిహేనేళ్లు ఇళ్లు రాకపోవచ్చు, అప్పుడు రోడ్డు వయసు తక్కువగా తేలుతుంది. మూడోది, కొత్త కాలనీల నడుమ చిక్కుకున్న పాత గ్రామకంఠం. దాని వంకర సందులు కొత్త వెంచర్ల లెక్కలో కలిసిపోతాయి. గూగుల్ ఎర్త్ పాత చిత్రాలతో 2000 తర్వాతి ముచ్చట సరిచూడొచ్చు. దానికి ముందు సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లు, ఇంకా ముందు 1912–15 నాటి లియోనార్డ్ మన్ సర్వే పటాలు ఉన్నాయి. వాటిలో గల్లీగల్లీ ఉంది.

ఇలా కాలాలుగా విడదీశాక హైదరాబాద్‌ని ఎలా చదవాలి? 1591లో చార్మినార్ దగ్గర నాలుగు దిక్కులకీ నాలుగు దారులు తీశారు. వాటి మధ్య నేలని గల్లీలు నింపాయి. అక్కడ డెడ్ ఎండ్‌లు బోలెడు ఉంటాయి, అయినా దాన్ని విచ్చలవిడి విస్తరణ అనలేం. ముప్పై నలభై మీటర్ల గల్లీ కొస వేరు, కిలోమీటరు పొడవున గేటు వెనకున్న కొస వేరు. డెడ్ ఎండ్‌లని లెక్కపెట్టడమే కాదు, ఒక్కోదాని వెనక ఎంత పొడవు వీధి చిక్కుకుందో కూడా కూడండి. 1806లో మొదలైన సికింద్రాబాద్ కంటోన్మెంట్ ఊరు తీరు వేరు, తిన్నటి వీధులు ఎక్కువ. 1908 మూసీ వరద తర్వాత 1912లో ఏర్పడ్డ సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఇరుకు బస్తీల్లోంచి పెద్ద రోడ్లు తీసింది. తర్వాత హౌసింగ్ బోర్డు వేసిన కేపీహెచ్‌బీ లాంటి కాలనీల్లో ఒకే చేతి నక్ష కనిపిస్తుంది. 1975లో నగరాభివృద్ధి సంస్థ హుడా వచ్చింది, 1998లో సైబర్ టవర్స్ తెరుచుకుంది. పడమటి వైపు ఆ తర్వాత పుట్టిన వీధుల్ని విడిగా ఒక గుంపు చేయండి. అసలు కథ అక్కడుంది.

కారణం ప్రైవేట్ వెంచర్ ఆకారంలోనే ఉంది. నక్షలో సర్వే నంబర్లు చాలాచోట్ల సన్నగా పొడుగ్గా ఉంటాయి. 45 మీటర్ల వెడల్పు, 360 మీటర్ల పొడవున్న నాలుగెకరాల ముక్క తీసుకోండి. నడుమ 30 అడుగుల రోడ్డు, అటూ ఇటూ 30 అడుగుల ముఖం, 60 అడుగుల లోతున్న రెండు వందల గజాల ప్లాట్లు. వెడల్పు 150 అడుగులు, దాదాపు సరిపోయింది. రెండు పక్కలా కలిపి 75కి పైగా ప్లాట్లు దిగుతాయి. రోడ్డు చివర పక్క సర్వే నంబరు గోడ. పొడుగు వైపు ఆనుకుని ఉన్న ముక్కలో ఇంకొకాయన ఇలాంటిదే ఇంకో వెంచర్ వేస్తాడు. చివరి ఇళ్ల రెండింటి వీపులూ ఆనుకునే ఉంటాయి. రెండు రోడ్ల మధ్య దూరం 45 మీటర్లు. ఒకరింటి నుంచి ఇంకొకరింటికి రోడ్డున పోవాలంటే 360 వెనక్కి, 45 పక్కకి, 360 లోపలికి, మొత్తం 765 మీటర్లు. చుట్టు నిష్పత్తి 17. ఇద్దరూ చెరో చివరి ప్లాటు వదిలేసి ఉంటే 45 మీటర్లలో తేలిపోయేది. డెబ్బై అయిదు ప్లాట్లలో ఒకటి. వెంచర్ అనుమతి రోజున దాని ధర ఒక ప్లాటు. అమ్మకాలయ్యాక అదే పనికి రెండు ఇళ్లు కొని కూల్చాలి. 2020లో ఎల్‌ఆర్‌ఎస్ కింద తెలంగాణలో 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. అనుమతి లేని లేఅవుట్లని తర్వాత క్రమబద్ధం చేస్తే ఫీజు వస్తుంది గానీ, పక్కవాడి రోడ్డుతో కలిపే ఆ ప్లాటు తిరిగి రాదు.

ఇది మన ఒక్కరి జబ్బు కాదు. అమెరికాలో న్యూజెర్సీలోని రాడ్‌బర్న్ 1929లో డెడ్ ఎండ్ వీధుల్ని ఆదర్శంగా చూపింది. 1930లలో ఇళ్ల రుణాలకి పూచీ పడే ఫెడరల్ సంస్థ కూడా గళ్ల వీధులు వద్దంటూ అదే దారి పట్టించింది. అక్కడ కొత్తగా పడ్డ వీధుల తెగుదల సుమారు 1994లో శిఖరానికి చేరి, తర్వాత తగ్గుతూ వచ్చింది. వర్జీనియా 2009లో, పక్క కాలనీలతో కలవని కొత్త వీధుల నిర్వహణ రాష్ట్రం చేపట్టదని నిబంధన పెట్టింది. బిల్డరుకి బాగా అర్థమయ్యే భాష అది. లాటిన్ అమెరికా ఊళ్లలో 1573 నాటి స్పెయిన్ రాజశాసనం నేర్పిన గళ్ల అలవాటు చాలాచోట్ల ఇంకా నిలిచింది. డెన్మార్క్, నెదర్లాండ్స్‌లో కార్లకి డెడ్ ఎండ్ అయిన వీధి చాలాచోట్ల సైకిలుకీ కాలినడకకీ తెరిచే ఉంటుంది. అందుకని నడక దారుల నెట్‌వర్క్‌ని విడిగా దించి అదే లెక్క మళ్లీ వేయండి. మన దగ్గర ఆ రెండు అంకెల మధ్య తేడా చాలా తక్కువ రావడమే అసలు సమస్య.

ప్లాట్లకంటే ముందు రోడ్లు గీసే పద్ధతి మనకి కొత్తదేమీ కాదు. బొంబాయి టౌన్ ప్లానింగ్ చట్టం 1915 నాటిది. దాని వారసత్వంతోనే అహ్మదాబాద్‌లో పొలాలన్నీ కలిపి, రోడ్లు తీసి, మిగిలింది తిరిగి పంచుతున్నారు. అమరావతిలో 217 చదరపు కిలోమీటర్లకి ఈ-రోడ్లు, ఎన్-రోడ్లు అంటూ గళ్లు ముందే గీసింది కూడా భూసమీకరణ వల్లే వీలైంది.

ఇప్పటికే తెగిన చోట లింకులు వెతకడానికి ఒక దారి. డెడ్ ఎండ్ కొసల్ని జతలుగా తీసుకోండి. నేరుగా 150 మీటర్ల లోపు ఉండి, రోడ్డున 1,500 మీటర్లు దాటే జతల్ని మాత్రమే ఉంచుకోండి. వాటిని చుట్టు నిష్పత్తి, రెండు వైపులా ఉన్న ఇళ్ల సంఖ్య గుణించి వరస పెట్టండి. పై నుంచి ముప్పై జతలకి క్షేత్రానికి వెళ్లి మధ్యలో ఉన్నది నాలానా, చెరువు నిండితే నీరు చేరే హద్దా (ఎఫ్‌టీఎల్), ఆర్మీ భూమా, ఉత్త ప్రహరీయా అని రాసుకోండి. ఉత్త ప్రహరీ ఉన్నచోట, ఆ రోడ్డు గిఫ్ట్ డీడ్‌తో స్థానిక సంస్థకి చేరిందో లేదో రిజిస్ట్రేషన్ కాగితాల్లో చూడాలి. చేరి ఉంటే అది పబ్లిక్ రోడ్డు, గోడకి హక్కు లేదు. కారు రోడ్డుకి ఒప్పుకోని కాలనీ రెండు మీటర్ల నడక దారికి ఒప్పుకోవచ్చు. ముందు అది అడగండి.

పెద్ద లింకుల ప్రభావాన్ని సగటులో వెతకొద్దు. 2020 సెప్టెంబరులో తెరిచిన దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి గ్రాఫ్‌లో లక్షల గీతల మధ్య ఒక గీత. కూడలి సగటు వెంట్రుకవాసి కూడా కదలదు. జూబ్లీహిల్స్ 45వ నంబరు రోడ్డుకీ మాదాపూర్‌కీ మధ్య జతల్ని తీసి, రెండు మూడు కిలోమీటర్ల మెట్టులో చుట్టు నిష్పత్తి వంతెనతో ఒకసారి, వంతెన తీసేసి ఒకసారి చూడండి. తేడా అక్కడ తెలుస్తుంది.

మొదటి పరుగుకి నగరం మొత్తం పెట్టుకోకండి. రెండు కిలోమీటర్ల చదరం సికింద్రాబాద్‌లో ఒకటి, తెల్లాపూర్ వైపు ఒకటి తీసి, చుట్టూ కిలోమీటరు అదనంగా దించి, లెక్క మాత్రం లోపలి చదరానికే వేయండి. లేకపోతే అంచున తెగిన ప్రతి రోడ్డూ డెడ్ ఎండ్‌గా లెక్కకొస్తుంది. ఈ రెండు ముక్కల్లో కూడళ్లు చేత్తో లెక్కపెట్టగలిగినన్నే ఉంటాయి. ప్రోగ్రామ్ చెప్పిందీ మీరు లెక్కపెట్టిందీ నూటికి అయిదు లోపు తేడాతో కలిశాకే మిగతా ఊరిని దానికి అప్పజెప్పండి.